లిగోర్ చోటు

బొంబాయి ధోబీ తలావ్‌లో, పెళ్ళికార్డుల కొట్లకీ బ్యాండుమేళం కొట్లకీ మధ్య దూరిన సందులో, మా కాండెలి ఊరి క్లబ్బు ఉంది. పేరుకి క్లబ్బే గాని అక్కడ పేకముక్క దొరకదు, సోడాబుడ్డి దొరకదు. చెక్కమెట్లెక్కితే ఒక పొడుగాటి హాలు. గోడ వారగా ఓడల్లో పనిచేసే మావాళ్ళ ఇనప్పెట్టెలు. పెట్టె ముందు చాప. ఒక చివర మేరీమాత పీఠం. గోవాలో మావైపు ఊళ్ళకి చాలావాటికి ఆ పేటలో ఇలాంటి క్లబ్బొకటి ఉంది. ఓడనుంచి పిలుపు వచ్చేదాకా మనిషి అక్కడ ఒళ్ళు వాలుస్తాడు. హోటల్లో ఒక్క రాత్రికయ్యే ఖర్చుతో ఇక్కడ నెల గడిచిపోతుంది.

ఆ హాల్లో, సందువైపు కిటికీ కింద, ఒక చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది.

ఊరంతా ఉడికిపోతున్న రాత్రుల్లో కూడా అక్కడ గాలి ఆడేది. బొంబాయి వేసవిలో అలాంటి చోటు కోసం సొంత అన్నదమ్ములు కూడా తన్నుకోవాలి. కాని అక్కడ ఎవరూ చాప పరిచేవారు కాదు. హాలు కిక్కిరిసినా సరే, మెట్లమీద కూచుని కునికేవాళ్ళు గాని, అటు పోయేవారు కాదు. నేనూ పోలేదు. నాకు దెయ్యాలంటే భయమని కాదు. ఆ క్లబ్బులో ఉన్నన్నాళ్ళూ ఎందుకో నాకు జలుబు తగ్గలేదు, గాలి పడేది కాదు.

దాన్ని లిగోర్ చోటు అనేవారు.

అక్కడ సావియోకి జరిగిన సంగతి నాకు సగం వాడి స్నేహితుడు రోక్ చెప్పాడు, సగం క్లబ్బు చూసుకునే ఇనాస్ మామ చెప్పాడు. రోక్ ఉన్నదానికి కాస్త కలిపి చెప్పే రకం. నేను అంతకంటే కాస్త ఎక్కువ కలిపే రకం. ఇనాస్ మామ మాత్రం ఏదీ కలిపేవాడు కాదు... అందుకే ఆయన చెప్పిన సగమే నాకు రాత్రిళ్ళు గుర్తొస్తుంది.

*

సావియో, రోక్, మింగెల్ — ముగ్గురూ మడ్గాం కాలేజీలో ఒకే బెంచీ. పరీక్షలైపోయాయి, ఫలితాలు రాలేదు. మనిషికి జన్మలో ధైర్యం ఉండేది ఆ మధ్యకాలంలోనే. బొంబాయి చూసి రావాలనుకున్నారు. జేబులో ఉన్నది చూసుకుంటే పనాజీ దాటేట్టు లేదు. అయినా రోక్ వెనక్కి తగ్గలేదు. వాడూ మింగెలూ కాండెలి కుర్రాళ్ళే. ఊరి క్లబ్బు ఉండగా పడకకి లోటేమిటి? స్టీమరు డెక్కుమీద దుప్పటి పరుచుకుపోదాం, ఇరానీ హోటల్లో బన్నూ టీతో బతుకుదాం, బస్సు పైఅంతస్తులో ఊరంతా తిరుగుదాం అన్నాడు.

చిక్కల్లా సావియోతోనే. వాడిది కాండెలి కాదు, ఏటికి అవతల వాడ్కొణ్. వాడ్కొణ్ వాళ్ళకీ ఒకప్పుడు క్లబ్బుండేదిట. పైకప్పు ఊగుతోందని మూసేశారు. ఒక ఊరి క్లబ్బులో ఇంకో ఊరివాడు తల వాల్చడానికి వీల్లేదు. పోపుగారు దిగివచ్చినా సరే, కాండెలివాడు కాకపోతే మెట్లదగ్గరే ఆపేస్తారు.

స్టీమరు మీద రోక్ ఉపాయం చెప్పాడు. మావైపు కుర్రాణ్ణి నీ పేరేమిటని అడగరు. ఎవరబ్బాయివి అని అడుగుతారు. తండ్రి పేరొక్కటి చెబితే చాలు, ఇల్లూ వాడా తాతలనాటి తగాదాలూ అన్నీ అవే తెలిసిపోతాయి. కాబట్టి సావియోకి ఒక కాండెలి తండ్రి కావాలి. ఊళ్ళో గుడి ఎదుట ఎన్నాళ్ళనుంచో తాళం పడి ఉన్న ఇల్లొకటుంది. ఆ ఇంటాయన లిగోర్ ఓడమీద వెళ్ళి చనిపోయాడని పెద్దలు అనుకోగా రోక్ విన్నాడు. భార్య పుట్టింటికి బెల్గాం వెళ్ళిపోయిందనీ విన్నాడు. ఇక అడ్డం చెప్పడానికి ఎవరున్నారు?

సావియోకి మనసొప్పలేదు. వాళ్ళ నాన్న కుస్తోద్ రొట్టెల బట్టీ నడుపుతాడు. తెల్లారకముందే సైకిలు వెనక బుట్ట కట్టుకుని, హారను గుమ్ము గుమ్మని నొక్కుతూ ఏటికి ఇటూ అటూ రొట్టెలు వేసి వస్తాడు. కనుబొమల్లో ఎప్పుడూ పిండి ఉంటుంది. కాలేజీలో ఎవరబ్బాయివని అడిగితే సావియో ఎప్పుడూ నామోషీ పడలేదు, కుస్తోద్ కొడుకునని గట్టిగానే చెప్పాడు.

"నాన్న నిక్షేపంలా ఉండగా ఇంకొకడి పేరెలా చెప్పనురా?" అన్నాడు.

"అమ్మెయ్యమన్నానా? నాలుగు రోజులు పక్కన పెట్టమన్నాను," అన్నాడు రోక్.

"ఊరికెళ్ళాక తోమి, తుడిచి, ఎక్కడున్నవాణ్ణి అక్కడ పెట్టేద్దాం," అన్నాడు మింగెల్, సావియో తెచ్చిన రొట్టెలో మూడో వంతు నముల్తూ.

నవ్వుకున్నారు. సావియో కూడా నవ్వాడు.

*

ఇనాస్ మామ ఓడల్లో వంట చేసి చేసి కాళ్ళు పట్టేశాక క్లబ్బుకి కాపలా అయ్యాడు. బనీను, మోకాళ్ళదాకా లాగు, మెడలో జపమాల. మెట్ల పైన ముక్కాలి పీట వేసుకుని కూచుంటాడు. ఆయన కన్నుగప్పి ఈగైనా పైకి పోలేదని చెప్పుకుంటారు.

రోక్‌ని అడిగాడు, మింగెల్‌ని అడిగాడు. ఇద్దరి తండ్రులూ తెలిసినవాళ్ళే. మింగెల్ తండ్రి తన దగ్గర ఒకప్పుడు గొడుగు పట్టుకుపోయాడని కూడా గుర్తు చేశాడు. తరవాత సావియో వంక తిరిగాడు.

"నువ్వెవరబ్బాయివి?"

సావియో నోరు తెరిచేలోగా రోక్ అందుకున్నాడు. "మన లిగోర్ కొడుకు, మామా. గుడి ఎదుటి ఇల్లు. తల్లితో బెల్గాంలో పెరిగాడు."

హాల్లో షర్టు ఇస్త్రీ చేసుకుంటున్నవాడు ఇస్త్రీపెట్టె పైకెత్తి అలాగే ఉండిపోయాడు. గడ్డం గీసుకుంటున్నవాడు అద్దం దించాడు.

ఇనాస్ మామ సావియో మొహంలోకి చాలాసేపు చూశాడు.

"నిన్నడిగాను. నువ్వు చెప్పు."

"లిగోర్ కొడుకుని," అన్నాడు సావియో. ఆ మాట గొంతులో చేపముల్లులా అడ్డంపడి, మెల్లిగా దిగింది.

"అలాగా," అన్నాడు ఇనాస్ మామ. "ఇక్కడ తండ్రి చోటు కొడుకుది. కిటికీ కింద పరుచుకో."

అంత మంచి చోటు దొరికినందుకు మింగెల్ కుళ్ళుకున్నాడు. ఆ కాసేపే.

*

పగలంతా బొంబాయి చూశారు. అంటే, బస్సు పైఅంతస్తులో ముందు సీటు పట్టి, దాని ఆఖరి స్టాపుదాకా వెళ్ళి, మళ్ళీ అదే బస్సులో వెనక్కి వచ్చారు. సినిమాహాలు బయట బొమ్మలు చూసి కథ ఊహించుకున్నారు. సముద్రపు గోడమీద కూచుని, ఎదుటి మేడల్లో ఏది ఎవరికి కావాలో పంచుకున్నారు. ఇరానీ హోటల్లో ఒక టీ చెప్పి మూడు సాసర్లడిగితే సర్వరు వాళ్ళవంక చూసిన చూపు రోక్ నాకు ముప్ఫయ్యేళ్ళ తరవాత కూడా పెట్టి చూపించాడు.

ఈ తిరుగుళ్ళన్నిటి మధ్యా రోక్ సావియోకి పాఠం చెబుతూనే ఉన్నాడు. బస్సు కుదుపులో హఠాత్తుగా "ఎవరబ్బాయివి?" అంటాడు. సావియో "లిగోర్ కొడుకుని" అనాలి. రోడ్డు దాటుతూ అడుగుతాడు, టీ మింగుతుండగా అడుగుతాడు. మొదట్లో సావియో తడబడ్డాడు. తరవాత్తరవాత నవ్వుతూ చెప్పాడు. సాయంత్రానికి, అడగడం పూర్తికాకుండానే జవాబు దానంతటదే నోట్లోంచి రావడం మొదలెట్టింది.

చీకటి పడేవేళకి క్లబ్బు చేరారు. జపమాల ప్రార్థనకి అందరూ ఉండి తీరాలి. ప్రార్థన అయ్యాక చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు చేతులు జోడించి ఆశీర్వాదం అడిగారు. పెద్దవాళ్ళు తలమీద చెయ్యిపెట్టి, దేవుడు నిన్ను చల్లగా చూడాలి అన్నారు. పుట్టినప్పటినుంచీ రోజూ చేసే పనే కాబట్టి సావియో కూడా వరసలో నిలబడ్డాడు. అందరూ వాడి తలమీద చెయ్యిపెట్టారు గాని, వేడి పెనం ముట్టుకున్నట్టు వెంటనే తీసేసుకున్నారు.

అప్పుడు ఇనాస్ మామ, ఎవరివంకా చూడకుండా, ఆ మధ్య జరిగిన ఒక సంగతి చెప్పాడు. ఒకడు పరాయి ఊరివాణ్ణి చుట్టమని చెప్పి తెచ్చిపెట్టాడు. తెలిసింది. అదే రాత్రి, తెచ్చినవాడి ఇంటివాళ్ళ పెట్టె మెట్లమీంచి కిందికి దొర్లించారు. సందులో పగిలి, బట్టలు వానలో తడిశాయి. ఆ ఇంటికి ఇక క్లబ్బులో చోటు లేదు, మనవలకి కూడా లేదు.

రోక్ చూపు గోడ వారకి పోయింది. వాడి అన్న అగ్నెల్ పెట్టె హాల్లోనే ఉంది. అగ్నెల్ ఓడమీద ఉన్నాడు, వచ్చే నెల దిగుతాడు. దిగి, ఈ మెట్లే ఎక్కాలి. మళ్ళీ పిలుపు వచ్చేదాకా ఈ చాపే గతి.

దీపాలు తగ్గించాక పాస్కు తాత వాళ్ళ దగ్గరికి జరిగాడు. ఓడల్లో సరంగు చేసిన మనిషి. గొంతు తగ్గించి సావియోతో అన్నాడు —

"బాబూ... మీ నాన్న సంగతి మీ అమ్మ చెప్పిందా?"

సావియో తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు వాడు చెప్పినవాటిలో అబద్ధం కానిది అదొక్కటే.

పాస్కు తాత చెప్పాడు. లిగోర్ ఆ కిటికీ కింద పడుకుని పిలుపు కోసం ఎదురుచూసిన మనిషి. పిలుపు వచ్చేసరికి ఊళ్ళో భార్యకి నెలలు నిండాయి. ఓడ వదులుకుంటే మళ్ళీ ఎప్పుడో. వెళ్ళాడు. ఒక రాత్రి డెక్కుమీద నిలబడినవాడు తెల్లారేసరికి లేడు. సముద్రం ఆ రాత్రి పళ్ళెంలో నీళ్ళలా ఉందిట. పుట్టింది ఆడో మగో, ఆ కబురు ఓడకి చేరనేలేదు...

అప్పట్నుంచీ ఆ చోట కుర్రవాడెవడు పడుకున్నా, అర్ధరాత్రి తలదగ్గర ఎవరో కూచుంటారు. ఎవరబ్బాయివి అని అడుగుతారు. తండ్రి పేరు చెప్పాలి. తన పేరు కాకపోతే ఒక నిట్టూర్పు విడిచి వెళ్ళిపోతాడు. ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు.

"మరి... ఆయన పేరే చెబితే?" అన్నాడు మింగెల్.

పాస్కు తాత సావియో వంక చూశాడు.

"ఇన్నాళ్ళూ ఎవడూ చెప్పలేదు. ఎవడు చెబుతాడు? కన్నతండ్రిని కాదని ఇంకొకణ్ణి నాన్నంటే, ఆ తండ్రి ఎక్కడికి పోవాలి?" అని, కాస్త ఆగి, "నీకేం బాబూ. నువ్వు నిజంగా కొడుకువే. నీ కోసమే గదా ఆయన అడిగేది," అన్నాడు.

*

హాలంతా పడుకుంది. రోక్, మింగెల్ అవతలి గోడదగ్గర ఒకే దుప్పట్లో ముడుచుకున్నారు. కాసేపు గుసగుసలు. రోక్ పాకుతూ ఒకసారి వచ్చాడు. చెవిలో అన్నాడు — "ఏదైనా అడిగితే... లిగోరే అనాలిరా. అందరూ మెలకువగానే ఉన్నారు. అన్న పెట్టెరా..."

మళ్ళీ పాకుతూ వెళ్ళిపోయాడు.

సావియో వెల్లకిలా పడుకున్నాడు. తలవైపు గోడ. గోడకీ తలకీ మధ్య జానెడు చోటు కూడా లేదు. పైన కిటికీ. సందులో ఎక్కడో బ్యాండువాళ్ళ కుర్రాడొకడు ట్రంపెట్ మీద ఒకే ముక్క వాయిస్తున్నాడు. తప్పు పోతోంది, మళ్ళీ మొదలెడుతున్నాడు. అది వినిపిస్తున్నంతసేపూ సావియోకి ధైర్యంగానే ఉంది.

తరవాత అదీ ఆగింది.

ఏమని చెప్పాలి? కుస్తోద్ అంటే రోక్ అన్న పెట్టె వీధిలో పడుతుంది. లిగోర్ అంటే... అడిగేది ఎవరో, వాడికే వాడి పేరు చెప్పినట్టవుతుంది. నిద్రపోతే అసలు ఏ గొడవా ఉండదు కదా అనుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాళ్ళు దుప్పట్లోకి లాక్కున్నాడు. ఇంట్లో ఈపాటికి నాన్న లేచి పిండి కలుపుతూ ఉంటాడు అనుకున్నాడు... ఆ తలపుతోనే కన్నంటుకుంది.

మెలకువ ఎందుకొచ్చిందో ముందు తెలియలేదు.

తరవాత తెలిసింది. గాలి తగలడం లేదు.

కిటికీ తెరిచే ఉంది. అవతల గోడమీద క్యాలెండరు గాలికి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. హాల్లో అందరికీ గాలి ఉంది. తన మొహానికి మాత్రం లేదు. కిటికీకీ తనకీ మధ్య ఎవరో అడ్డం కూచున్నట్టు...

జానెడు చోటు లేదే అక్కడ.

కళ్ళు తెరవకూడదనుకున్నాడు. తెరవలేదు. తడిసిన తాడు వాసన వచ్చింది. చాలాకాలం నీళ్ళలో నాని, ఎండకి ఎండని తాడు. ఎవరో ఊపిరి పీల్చారు. వదల్లేదు.

నుదుటిమీద చెయ్యి పడింది.

చల్లటి చెయ్యి. బరువు లేదు. వేళ్ళు మాత్రం వణుకుతున్నాయి, జ్వరం చూసేవాళ్ళ వేళ్ళలా, భయపడుతూ.

"ఎవరబ్బాయివి?"

ఆ గొంతు చెవిలో పడలేదు. చాపలోంచి వచ్చినట్టుంది.

అవతల రోక్ గురక వినిపించడం లేదు. వాడు వింటున్నాడు. పాస్కు తాత వింటున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టి వింటున్నట్టే ఉంది.

"ఎవరబ్బాయివి... నాయనా?"

"లిగోర్... లిగోర్ కొడుకుని."

చెయ్యి కదల్లేదు.

కాలం ఎంత గడిచిందో, క్యాలెండరు ఎన్నిసార్లు గోడకి కొట్టుకుందో... ఆ చెయ్యి అలాగే తలమీద ఉంది. పెద్దవాళ్ళెవరైనా తలమీద చెయ్యిపెడితే మావైపు పిల్లల నోటికి ఒకటే మాట వస్తుంది. జ్వరంలో ఉన్నా, నిద్రలో ఉన్నా వస్తుంది. సావియో ఆపుకుందామనుకునేలోగా అది వచ్చేసింది.

"ఆశీర్వదించు... నాన్నా."

ఏదో ఒక చప్పుడైంది. నవ్వో ఏడుపో తెలియలేదు. నీళ్ళలోకి ఏదో జారితే వచ్చే చప్పుడులా ఉంది.

అప్పుడు మొహానికి గాలి తగిలింది.

*

తెల్లారేసరికి చాప పొడిగా ఉంది. గచ్చు పొడిగా ఉంది. ఎండలో ఆ కిటికీ మామూలు కిటికీ, కింద సందులో బన్నులమ్మే అబ్బాయి కేక మామూలు కేక. మనుషులు ఆవులిస్తున్నారు, తువ్వాళ్ళు దులుపుకుంటున్నారు. తీరా చూస్తే రోక్ రాత్రంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. పాస్కు తాత ఇంకా నిద్రపోతూనే ఉన్నాడు. వినడానికి అక్కడ ఎవరూ మెలకువగా లేనేలేరు.

సావియో కూచుని ఆలోచించాడు. ఆలోచించేకొద్దీ ఒక్కొక్కటే విడిపోయింది. తండ్రి చోటని చెప్పి ఇక్కడ పడుకోబెట్టిందెవరు? ఇనాస్ మామ. పెట్టె దొర్లించిన కథ చెప్పిందెవరు? ఇనాస్ మామ. రాత్రి హాల్లో తిరగగలిగేది ఎవరు? ముసలాడు తననే పరీక్ష చేశాడు! సావియోకి ముందు కోపం వచ్చింది, వెనకాలే నవ్వొచ్చింది. రాత్రంతా మోసిన బండరాయి దిగిపోయినట్టనిపించింది.

ఇనాస్ మామ మెట్లపక్క చిన్న గదిలో స్టవ్వు మీద టీ కాస్తున్నాడు. రోక్‌నీ మింగెల్‌నీ రొట్టె తెమ్మని పంపేశాడు. సావియోకి గ్లాసు అందించి, నిద్ర పట్టిందా అని అడిగాడు.

"మీరు పట్టనిస్తేగా మామా."

ఇనాస్ మామ మూతి బిగించుకున్నాడు, కాని కళ్ళు దాగలేదు. కాసేపటికి ఇద్దరూ నవ్వేశారు. తలుపు దగ్గరగా వేసి ఆయన సంగతంతా చెప్పాడు. లిగోర్ దెయ్యాన్ని పుట్టించింది తనేనట. సెలవులొస్తే చాలు, కాలేజీ కుర్రాళ్ళు ఊరు చూడ్డానికి దిగుతారు, అందరూ కాండెలివాళ్ళమే అంటారు. పగలు అడిగితే చిలకల్లా చెబుతారు. అర్ధరాత్రి, నిద్రమత్తులో, భయంలో అడిగితే ఏ కుర్రాడైనా సొంత తండ్రినే తలుచుకుంటాడు. అనుమానం వచ్చినవాణ్ణి ఆ కిటికీ కింద పడుకోబెట్టడం, పాస్కు తాత చేత కథ చెప్పించడం, తరవాత తను వెళ్ళి చీకట్లో నిలబడి అడగడం. ఎందరు పట్టుబడ్డారో. మర్నాడు ఎవరికీ చెప్పకుండా, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయేట్టు చూస్తాడు. ఆ దొర్లించిన పెట్టె కూడా ఉత్త కథే.

"నీ సంగతి నాకు మెట్లమీదే తెలుసు," అన్నాడు. "లిగోర్ బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ చిన్న శవపెట్టె మోసిన నలుగుర్లో నేనొకణ్ణి. అయినా చూద్దామనుకున్నాను, ఎందాకా లాగుతావో."

సావియో సిగ్గుతో తల దించుకున్నాడు. రోక్ అన్న చోటు పోదు కదా అని అడిగాడు. పోదు, నా నోట రాదు అన్నాడు ముసలాయన. ఆ ఒక్క మాటతో వాడికి టీ తియ్యగా అనిపించింది.

"కాని మామా, గొంతు భలే మార్చారు. చెయ్యి అంత చల్లగా ఎలా చేశారు? కుండలో ముంచుకొచ్చారా?"

ఇనాస్ మామ గ్లాసు కింద పెట్టాడు.

"చెయ్యేమిటి?"

"నా నుదుటిమీద పెట్టారుగా."

"నేనెవర్నీ ముట్టుకోను బాబూ. దూరంగా నిలబడి అడుగుతాను." మాట మెల్లిగా, ఏరుకుంటున్నట్టు వచ్చింది. "రాత్రి నేను నిన్ను అడగనే లేదు. వచ్చాను... పీఠందాకా వచ్చాను. నీ తలదగ్గర ఎవడో వంగి కూచుని ఉన్నాడు. నీకు తోడుగా మీవాడెవడో కూచున్నాడనుకున్నాను. ఎలాగూ నిద్రపోనివ్వడు, ఇంకేం అడుగుతానులే అని వెనక్కి తిరిగాను."

స్టవ్వు బుస్సుమంటోంది.

"నువ్వేం చెప్పావు?" అన్నాడు ఇనాస్ మామ.

సావియో చెప్పాడు. పేరు చెప్పిన సంగతి చెప్పాడు. ఆశీర్వాదం అడిగిన సంగతి చెప్పాడు. నాన్నా అన్న సంగతి చెప్పాడు.

ముసలాయన జపమాల అందుకుని గుప్పిట్లో బిగించాడు. లేచి వచ్చి సావియో రెండు భుజాలూ పట్టుకున్నాడు. ఆయన చేతులు వెచ్చగా, గరుగ్గా ఉన్నాయి.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడు అది వెనక్కి తీసుకో. గట్టిగా, నాకు వినపడేట్టు చెప్పు. నీ తండ్రి పేరు చెప్పు. నువ్వెవరబ్బాయివి?"

అదేమంత పనని సావియో నోరు తెరిచాడు.

నాన్న కళ్ళముందు నిలబడ్డాడు. కనుబొమల్లో పిండి. సైకిలు వెనక బుట్ట. బొటనవేలిమీద బట్టీ కాల్చిన మచ్చ. ఇల్లు కనిపించింది, ఇంటిముందు రాయి కనిపించింది, ఆ రాయిమీద కూచుని నాన్న చెప్పులు తొడుక్కోవడం కనిపించింది. ఏటికి అవతల ఎవరో ఆయన్ని పేరుపెట్టి కేకేస్తున్నారు. ఆ కేకేసేవాళ్ళ నోరు కదులుతోంది. పేరు మాత్రం వినపడ్డం లేదు.

"చెప్పు నాయనా," అన్నాడు ఇనాస్ మామ. "నీ తండ్రి పేరు."

సావియో మళ్ళీ నోరు తెరిచాడు. మూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుక ఎటు తిప్పినా దానికి దొరుకుతున్నది ఒక్క పేరే. అది బయటికి రాకుండా రెండు చేతులతోనూ నోరు గట్టిగా మూసుకున్నాడు.